పుట్టుకా, పెంపకమా? నా గదిలో వినిపించే అపోహలు

ఏడేళ్ల పిల్లాడికి కోపం ఎక్కువని తీసుకొచ్చారు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా మేడమ్, వీడు అచ్చం వాళ్ల తాతే" అంది తల్లి, భర్త వైపు చూస్తూ. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? గారాబం చేసి చెడగొట్టింది" అన్నాడాయన. పిల్లల సైకాలజిస్టుగా ఈ రెండు సామెతల మధ్యే నా రోజు గడుస్తుంది. రెండింటిలోనూ ఉన్నది సగం నిజమే.

అపోహ: జన్యువుల్లో ఉంటే ఇక చేసేదేం లేదు.

ఫినైల్‌కీటోన్యూరియా అచ్చంగా జన్యువుల వల్ల వచ్చే జబ్బు. తిండిలోని ప్రోటీన్లలో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని శరీరం విడగొట్టలేదు. అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. అయితే పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించి, ఆ పదార్థం బాగా తక్కువగా ఉండే ఆహారం పెడితే బిడ్డ దాదాపు అందరిలాగే ఎదుగుతుంది. జన్యువు మారలేదు, పళ్లెం మారింది.

ఎత్తు కూడా అంతే. అది ఎక్కువగా వంశపారంపర్యమే. అయినా దక్షిణ కొరియా మహిళల సగటు ఎత్తు వందేళ్లలో సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. అంత తక్కువ కాలంలో జన్యువులు మారిపోవు.

అపోహ: పిల్లలు ఖాళీ పలకలు, మనం ఏం రాస్తే అదే.

ఈ నమ్మకం సాధారణంగా రెండో బిడ్డ పుట్టేదాకే ఉంటుంది! నవ్వులాటకు అన్నా, దీన్ని గట్టిగా నమ్మినందుకు ఒక ప్రాణం నలిగిపోయింది. కెనడాలో 1965లో పుట్టిన డేవిడ్ రీమర్‌కు పసితనంలో సున్తీ వికటించి పురుషాంగం పోయింది. సైకాలజిస్ట్ జాన్ మనీ సలహాతో అతన్ని ఆడపిల్లగా పెంచారు. ప్రయోగం ఫలించిందని మనీ ప్రపంచానికి చెప్పారు. ఆ బిడ్డ మాత్రం ఆ గుర్తింపులో ఎప్పుడూ ఇమడలేదు. టీనేజ్‌లో నిజం తెలిశాక అబ్బాయిగానే బతికాడు, 38 ఏళ్లకే చనిపోయాడు. ఒక్క కేసుతో అన్నీ తేలవు, కానీ నా వృత్తిలో ఉన్నవాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

అపోహ: పెంపకం అంటే కూర్చోబెట్టి నేర్పేదే.

ఒకసారి త, ట అని పలకండి. త అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది, ట అన్నప్పుడు మడతపడి అంగిలికి తగులుతుంది. ఈ తేడా మనకెవరూ నేర్పలేదు. సైకాలజిస్ట్ జానెట్ వెర్కర్ 1980లలో చేసిన ప్రయోగాల్లో, ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 6-8 నెలల పసివాళ్లు హిందీలోని ఇదే తేడాను పట్టేశారు. 10-12 నెలల వాళ్లలో చాలామంది పట్టలేకపోయారు. ఇంట్లో వినబడని తేడాను చెవి వదిలేసుకుంది. ఇది పెంపకమా, శరీరమా? నన్నడిగితే ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పలేను.

అపోహ: హార్మోన్లు ఆడించినట్టే ఆడతాం.

మనం చేసే పనులూ హార్మోన్లను ఆడిస్తాయి. ఫిలిప్పీన్స్‌లో కొందరు యువకులను కొన్నేళ్లు గమనిస్తే, తండ్రులయ్యాక వాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది. బిడ్డ పనులు ఎక్కువసేపు చూసుకునేవాళ్లలో ఇంకా తక్కువ.

ఆ పిల్లాడి విషయానికొస్తే, నేను మొదట అడిగింది రాత్రి ఎన్నింటికి పడుకుంటాడని. పన్నెండు దాటుతుందట. ఇంట్లో టీవీ కట్టేసేది అప్పుడేనట.