ఎండకూ నేలకూ నడుమ తేలే నలుసులు

సిగరెట్టు కొస నుంచి లేచే పొగనూ, తాగేవాడు నోటితో వదిలే పొగనూ ఒకే వెలుతురులో పక్కపక్కన చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. మొదటిది లేత నీలంగా ఉంటుంది, రెండోది తెల్లగా ఉంటుంది. పొగాకు మారలేదు, నిప్పు మారలేదు. ఊపిరితిత్తుల్లోని తేమను పట్టుకుని, ఒకదానికొకటి అంటుకుని, కణాలు ఉబ్బాయి, అంతే. మరీ చిన్న కణాలు నీలి కాంతినే ఎక్కువగా చెదరగొడతాయి. కాస్త పెరిగాయంటే అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. భూమి శీతోష్ణస్థితిలో ఏరోసాల్స్ పోషించే పాత్ర అర్థం కావాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: కణం ఎంత పెద్దది, ఏ రంగులో ఉంది, ఎంత ఎత్తున తేలుతోంది అన్న మూడింటిని బట్టే దాని ప్రభావం ఉంటుంది.

గాలిలో తేలియాడే సూక్ష్మమైన ఘన, ద్రవ కణాలన్నిటినీ కలిపి ఏరోసాల్స్ అంటారు. ఎడారి ధూళి, అలల తుంపర ఆరాక మిగిలే ఉప్పు, మంటల మసి, బొగ్గూ చమురూ కాలినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ నుంచి గాలిలోనే తయారయ్యే సల్ఫేట్ కణాలు, అన్నీ ఈ కోవలోవే. వీటిలో మైక్రాన్‌కు (మిల్లీమీటరులో వెయ్యో వంతుకు) కొంచెం తక్కువ సైజువి, అంటే కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉన్నవి, ఎండను అన్నిటికంటే సమర్థంగా దారి తప్పిస్తాయి.

ఆ ఎండ లెక్క కూడా కొంచెం చూడాలి. వాతావరణం పైఅంచున సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. రాత్రినీ పగటినీ, ధ్రువాలనూ భూమధ్యరేఖనూ కలిపి గోళమంతటికీ పంచితే సగటున 340 వాట్లు. అందులో దాదాపు 30 శాతం మేఘాల మీద, మంచు మీద, గాలిలోని కణాల మీద పడి అంతరిక్షంలోకి తిరిగిపోతుంది. సూర్యుడి ప్రకాశం 11 ఏళ్ల చక్రంలో మారే మాట నిజమే కాని, ఆ మార్పు 0.1 శాతానికి మించదు; భూమి నిజంగా పీల్చుకునే శక్తిలో అది చదరపు మీటరుకు 0.2 వాట్లకు అటూ ఇటూ. భూతాపం నేరాన్ని సూర్యుడి మీదికి నెట్టేవాళ్లు తరచు మరిచిపోయేది ఈ చిన్న అంకెనే.

కణాలు తలుచుకుంటే ఇంతకంటే చాలా ఎక్కువే చేయగలవు. 1783 వేసవిలో ఐస్‌లాండ్‌లోని లాకీ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు యూరప్‌ను కమ్మిన పొడి పొగమంచు గురించి బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాస్తూ, భూతద్దంతో కేంద్రీకరించినా సూర్యకిరణాలు గోధుమరంగు కాగితాన్ని అంటించడమే కష్టమయ్యేంత బలహీనపడ్డాయని గుర్తించాడు. కారణాలు వెతుకుతూ ఐస్‌లాండ్ అగ్నిపర్వతాన్ని కూడా అనుమానించాడు. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో బద్దలైనప్పుడు ఈ సంగతిని ఉపగ్రహాలతో కొలవగలిగారు. చల్లబరిచింది బూడిద అనుకుంటాం కాని, బూడిద త్వరగానే రాలిపోయింది. అసలు పని చేసింది వానమేఘాల పొరకు పైనుండే స్ట్రాటో ఆవరణంలోకి చేరిన కోటిన్నర టన్నులకు పైబడిన సల్ఫర్ డయాక్సైడ్. అది కొన్ని వారాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నని బిందువులుగా మారింది. అంత ఎత్తున వాటిని కడిగేసే వాన ఉండదు కనుక అవి రెండేళ్ల దాకా భూగోళాన్ని చుట్టుకుని ఉండిపోయాయి. మరుసటి ఏడాది ప్రపంచ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.5 డిగ్రీలు తగ్గింది.

మసి తీరు వేరు. నల్లనిది కాబట్టి ఎండను తిప్పికొట్టదు, మింగుతుంది. కింది నేలకు నీడనిస్తూనే తాను తేలే గాలి పొరను వేడెక్కిస్తుంది. మంచు మీద రాలిందంటే ఆ తెలుపును మాసిపోయేలా చేసి కరుగుదలను వేగిరపరుస్తుంది.

అన్నిటికంటే చిక్కైన వ్యవహారం మేఘాలది. గాలిలో కణాలే లేకపోతే సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగల ఆవిరితో పోలిస్తే ఉన్న ఆవిరి శాతం) వందల శాతానికి ఎక్కితే తప్ప నీటి ఆవిరి బిందువుగా మారదు. ప్రతి మేఘ బిందువూ ఏదో ఒక నలుసు చుట్టూ పుట్టిందే. గాజు సీసాలో కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి, ఆర్పిన అగ్గిపుల్ల పొగను లోపలికి వదిలి, మూత బిగించి, గాలిని ఒత్తిపట్టి ఒక్కసారిగా వదిలేస్తే లోపల తెల్లని మేఘం కమ్ముతుంది. పొగ వేయకపోతే అంత దట్టంగా రాదు. ఇక అదే నీరు ఎనిమిది రెట్లు ఎక్కువ బిందువుల మధ్య పంచుకుందనుకోండి: ఒక్కో బిందువు వ్యాసం సగమవుతుంది, మొత్తం ఉపరితలం మాత్రం రెట్టింపవుతుంది. అందుకే మలినమైన మేఘం ఎక్కువ తెల్లగా ఉండి ఎక్కువ ఎండను తిప్పికొడుతుంది. 1970లలో వాతావరణ శాస్త్రవేత్త షాన్ ట్వోమీ వివరించిన ఈ ప్రభావం ఓడల పొగ వల్ల సముద్ర మేఘాల్లో ఏర్పడే తెల్లని చారల రూపంలో ఉపగ్రహ చిత్రాల్లో నేరుగా కనిపిస్తుంది.

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక లెక్క ప్రకారం 1750 నుంచి 2019 దాకా మనుషులు పెంచిన కార్బన్ డయాక్సైడ్ చదరపు మీటరుకు సుమారు 2.2 వాట్ల వేడిమిని చేర్చగా, ఏరోసాల్స్ సుమారు 1.1 వాట్లు తగ్గించాయి. ఈ రెండో అంకె 0.4 నుంచి 1.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ అనిశ్చితిలో ఎక్కువ భాగం మేఘాలదే. మరో తేడా ఆయుష్షుది. కింది వాతావరణంలో కణం కొన్ని రోజులు, మహా అయితే రెండు మూడు వారాలు తేలి వానలో కలిసిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో గణనీయమైన భాగం శతాబ్దాల పాటు నిలిచిపోతుంది. పొయ్యి ఆర్పితే ముందు పోయేది నీడ, తర్వాత ఎప్పటికో తగ్గేది వేడి.

ఇది ఊహ కాదు. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం (సల్ఫర్) పరిమితిని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 3.5 శాతం నుంచి 0.5 శాతానికి కుదించింది. ఊపిరి పీల్చేవాళ్లకు అది మేలైన నిర్ణయమే. అప్పటి నుంచి సముద్ర మేఘాల మీది ఆ తెల్లని చారలు బాగా పలచబడ్డాయి. 2023లో మహాసముద్రాలు అంతగా వేడెక్కడంలో ఆ పలచబాటు వంతు ఎంతన్న దానిపై శాస్త్రజ్ఞుల మధ్య వాదన ఇంకా తెగలేదు.