కోల్‌ఫాక్స్ బోర్డు 70 ఏళ్లు ఏం చెప్పింది?

2021 మే నెలలో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, కోల్‌ఫాక్స్ అనే చిన్న ఊళ్లో, కోర్టు దగ్గర ఉన్న ఒక చరిత్ర బోర్డును పీకేశారు. రాష్ట్ర ప్రభుత్వ శాఖ పేరుతో 1950ల మొదట్లో పెట్టిన బోర్డు అది. దాని మీద ఉన్న విషయం ఇంతే: ఈ స్థలంలో కోల్‌ఫాక్స్ అల్లర్లు జరిగాయి, ముగ్గురు తెల్లవారు, 150 మంది నీగ్రోలు హతమయ్యారు, 1873 ఏప్రిల్ 13న జరిగిన ఈ ఘటనతో దక్షిణాదిలో కార్పెట్‌బ్యాగర్ల దుష్పరిపాలన అంతమైంది. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం (1861-65) తర్వాత ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడి రాజకీయాల్లో దిగినవాళ్లను దక్షిణాది తెల్లవారు కార్పెట్‌బ్యాగర్లని ఈసడించుకునేవారు.

ఇటు ముగ్గురు, అటు నూట యాభై. ఈ లెక్క ఒక్కటి చూసినా అవి అల్లర్లు కావని తెలిసిపోతుంది.

1872లో లూసియానా గవర్నర్ ఎన్నికల్లో రెండు పక్షాలూ గెలుపు తమదేనన్నాయి. కోల్‌ఫాక్స్‌లో స్థానిక పదవులు ఎవరివన్న తగాదా కూడా అందులోంచే వచ్చింది. అప్పుడప్పుడే ఓటు హక్కు వచ్చిన నల్లజాతివాళ్లు అప్పట్లో తమ హక్కులకు అండగా ఉన్న రిపబ్లికన్ల వైపు నిలబడి కోర్టు భవనానికి కాపలా కాశారు. ఈస్టర్ ఆదివారం నాడు తెల్లవారి దండు తుపాకులతో, ఒక చిన్న ఫిరంగితో వచ్చిపడింది. భవనానికి నిప్పు పెట్టారు. బయటికొచ్చి లొంగిపోయినవాళ్లను పట్టుకుని, ఆ రాత్రి కాల్చి చంపారు. మొత్తం మృతుల సంఖ్య మీద చరిత్రకారుల అంచనాలు 60 నుంచి 150 దాకా ఉన్నాయి. 97 మంది మీద అభియోగాలు మోపితే శిక్ష పడింది ముగ్గురికి. 1876లో సుప్రీంకోర్టు క్రూక్‌షాంక్ కేసులో అదీ కొట్టేసింది. పౌరులందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే రాజ్యాంగ 14వ సవరణ కట్టడి చేసేది రాష్ట్ర ప్రభుత్వాలనే గానీ వ్యక్తులను కాదన్నది కోర్టు వాదన. నల్లజాతివాళ్లను దాడుల నుంచి కాపాడాల్సిన ఫెడరల్ ప్రభుత్వానికి చేతులు కట్టేసిన తీర్పుల్లో ఇదొకటి.

అదే ఊరి శ్మశానంలో 1921లో ఒక స్తూపం లేచింది. చనిపోయిన ముగ్గురు తెల్లవారిని 'తెల్లజాతి ఆధిపత్యం కోసం పోరాడి' నేలకొరిగిన వీరులని దాని మీద చెక్కించారు. ఒక రకంగా బోర్డు కన్నా ఆ రాయే నయం. మనసులో ఉన్నది దాచుకోలేదు. బోర్డు మాత్రం పాలన, దుష్పరిపాలన అంటూ ప్రభుత్వ భాష మాట్లాడింది కాబట్టి దారిన పోయేవాళ్లు అదే చరిత్ర అనుకుని చదువుకున్నారు.

ఇలాంటి బోర్డులకు ఆ నమ్మకం ఎలా వచ్చిందో తెలియాలంటే 1920లకు వెళ్లాలి. మధ్యతరగతి చేతికి కార్లొచ్చాయి, రోడ్లు బాగుపడుతున్నాయి, టూరిస్టుల కోసం రాష్ట్రాలు పోటీపడుతున్నాయి. అమెరికా విప్లవానికి 150 ఏళ్లు నిండిన సందర్భంగా న్యూయార్క్ రాష్ట్రం 1926లో బోర్డులు పెట్టే పని మొదలుపెట్టింది. వర్జీనియా 1927లో రిచ్‌మండ్, వాషింగ్టన్ మధ్య సాగే యూఎస్ రూట్ 1 పొడవునా పెట్టింది. టెక్సాస్ 1936లో తన శతాబ్ది ఉత్సవాలకు గ్రానైట్ రాళ్లు నాటించింది. పెన్సిల్వేనియాలో ఇప్పుడు కనిపించే నీలం, బంగారు రంగు బోర్డులు 1946 నుంచి వస్తున్నాయి. మిగతా చోట్ల పద్ధతి దాదాపు ఒకటే: పోతపోసిన లోహం, పైన రాష్ట్ర చిహ్నం, కింద కాసిన్ని వాక్యాలు. కారు ఆపి నిమిషంలో చదివేయాలి కదా.

ఆ వాక్యాలు ఎవరు రాయాలన్న దగ్గరే చిక్కంతా. అడిగిన సంఘాలు, డబ్బిచ్చిన సంఘాలు చాలాచోట్ల రాతలో కూడా చెయ్యి పెట్టాయి. దక్షిణాదిలో 1894లో పుట్టిన యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ (అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడినవాళ్ల వారసురాళ్ల సంఘం) లాంటి సంస్థలకు ఓపికా ఉంది, పలుకుబడీ ఉంది. నల్లజాతివాళ్లకు చాలాచోట్ల ఓటే లేదు, ఇక బోర్డు సంగతి చెప్పాలా?

అబద్ధం రాయనక్కర్లేదు, ఒక మాట వదిలేస్తే చాలు. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో, అంతర్యుద్ధంలో దక్షిణాది సేనానిగా పనిచేసిన నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ ఇంటి స్థలంలో 1955లో పెట్టిన బోర్డు, వ్యాపారాలతో ఆయన ధనవంతుడయ్యాడని చెప్పి ఊరుకుంది. ఆయన అమ్మింది మనుషులను. ఆ సంగతి చెప్పే ఫలకం అక్కడికి రావడానికి 2018 ఏప్రిల్ దాకా పట్టింది. ఒక చర్చి, ఒక కాలేజీ, నేషనల్ పార్క్ సర్వీస్ కలిసి పెట్టించాయి.

ఇప్పుడు నిబంధనలు బిగిశాయి. వర్జీనియాలో బోర్డు రాతను ఆధారాలతో సరిచూశాకే ఆమోదిస్తారు. న్యూయార్క్‌లో 2006 నుంచి బోర్డులకు డబ్బిస్తున్న పొమెరాయ్ ఫౌండేషన్ ఆ కాలపు మూలపత్రాలు చూపించమంటుంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాసినంత మాత్రాన బోర్డు నిలబడుతుందన్న భరోసా లేదు. 1955 ఆగస్టులో మిసిసిపీలో 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను తెల్లవారు చంపి నదిలో పడేశారు. శవం దొరికిన ప్రాంతంగా భావించే గ్రాబాల్ ల్యాండింగ్‌లో 2008లో పెట్టిన బోర్డును ఎత్తుకుపోయారు. రెండోదాన్ని తూటాలతో తూట్లు పొడిచారు. మూడోది 2018లో పెడితే, నెల దాటీ దాటకుండానే దానికీ తూటాలు తగిలాయి. 2019 అక్టోబర్‌లో నాలుగోదాన్ని తూటాలు దిగని ఉక్కుతో, సుమారు 500 పౌండ్ల బరువుతో చేయించారు. 2023 జులైలో ఆ చోటు జాతీయ స్మారకంలో భాగమైంది.

కోల్‌ఫాక్స్‌లో 2023 ఏప్రిల్ 13న, సరిగ్గా 150 ఏళ్లకు, కొత్త గ్రానైట్ స్మారకం వచ్చింది. దాని కోసం తిరిగినవాళ్లలో ఒకరి పూర్వీకుడు నాటి దాడి చేసినవాళ్లలో ఉన్నాడు, ఇంకొకరి పూర్వీకుడు చనిపోయినవాళ్లలో ఉన్నాడు. పాత బోర్డులో 150 అనే అంకె తప్ప ఒక్క నల్లజాతి మనిషి పేరు లేదు. కొత్త రాయి మీద, తెలిసినంతవరకు, చనిపోయినవాళ్ల పేర్లున్నాయి.