జంట అచ్చులు, రూపాయి బిళ్ళలు: ఇంట్లో నేర్పేవారికి అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చెప్తాను. 2022-23 నుంచి మా బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే ప్రభుత్వ కార్యక్రమం తొలిమెట్టు కూడా ఆ ఏడాదే మొదలైంది. అప్పటి నుంచి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేవి రెండు: ఇంగ్లీషులో రెండు అచ్చులు పక్కపక్కన వస్తే ఎట్ల చదివించాలె, పైసలు గుర్తుపట్టుడు ఎట్ల నేర్పాలె. రెండింటికీ నేను చెప్పే పద్ధతి ఒకటే. వల్లె వేయించడం తగ్గించి, పిల్లల చేత ఏది ఏదో వేరు చేయించండి. దీనికి అడ్డం వచ్చే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "మాకే ఇంగ్లీషు రాదు సార్, పిలగానికేం జెప్తం?"

కొడుకు కోడలు పుణెకో ముంబైకో పనికి పోతే మనుమలను సాకుతున్న నాయనమ్మలు ఈ మాట మరీ ఎక్కువ అంటారు. అమ్మా, మీకు తెలుగు పలకడం వచ్చు కదా, సగం పని అయినట్టే. కి-కీ, కు-కూ, కొ-కో తేడా మన పిల్లల చెవికి పుట్టుకతోనే అలవాటు. ఇంగ్లీషు జంట అచ్చుల్లో మొదట నేర్పాల్సినవి చాలావరకు మన దీర్ఘాలే. రెండు 'ఈ'లు (ee) పక్కపక్కన ఉంటే కీలో వినబడే ఈ. 'ఓ' పక్కన 'ఏ' (oa) ఉంటే కోలో వినబడే ఓ. 'ఏ' పక్కన 'ఐ' (ai) ఉంటే దాదాపు కేలో వినబడే ఏ. షిప్, షీప్ తేడా చెప్పడానికి ఇ-ఈ తేడా లేని భాషల పిల్లలకు ఎంతో కసరత్తు కావాలి. మన పిల్లలకు గుడి, గుడిదీర్ఘం గుర్తు చేస్తే చాలు.

మాటలు కూడా ఇంట్లోనే ఉన్నాయి. రోడ్డు, కోటు, సోపు, ఈ మూడింటిలోనూ 'ఓ-ఏ' జంటే. ట్రెయిన్, పెయింట్, నెయిల్ పాలిష్‌లో 'ఏ-ఐ'. స్కూలు, స్పూను, రూములో రెండు 'ఓ'లు. పెయింట్ డబ్బా ముందు పెట్టి, "ఏ పక్కన ఐ ఎక్కడుందో చూపియ్యి బిడ్డా" అని అడగడానికి ఇంగ్లీషు చదువు అక్కర్లేదు.

అపోహ: స్పెల్లింగ్ పదిసార్లు వల్లె వేస్తేనే వస్తుంది.

"ఆర్-ఏ-ఐ-ఎన్ రెయిన్" అని గొంతెత్తి చెప్పే పిల్లవాడి ముందు 'పెయిన్' రాసి పెట్టండి. చాలామంది ఆగిపోతారు. వాడికి వచ్చింది నాలుగు అక్షరాల పేర్లు, వాటి వరుస. 'ఏ-ఐ' కలిసి ఒకే ధ్వని ఇస్తాయన్న సంగతి ఆ వల్లెలో ఎక్కడా లేదు.

పాత పెళ్లి పత్రికల వెనక తెల్లగా ఉంటుంది, దాన్ని ముక్కలు కోయండి. జంట అచ్చును ఎప్పుడూ ఒకే ముక్క మీద, ఒకే రంగుతో రాయండి, రెండు ముక్కలుగా విడదీయొద్దు. చివర 'ఎన్' ముక్క పెట్టి, ముందు అక్షరం మారుస్తూ పోండి: రెయిన్, పెయిన్, మెయిన్, గెయిన్. ఆ తర్వాత ముందు రెండక్షరాలు పెడితే ట్రెయిన్. మారింది ఏమిటో, మారనిది ఏమిటో పిల్లలే చెప్తారు. రోజుకు పది నిమిషాలు చాలు, అంతకు మించి కూర్చోబెట్టొద్దు.

అపోహ: రెండు అచ్చులు పక్కన ఉంటే మొదటిదే పలుకుతుంది, రెండోది మూగ.

ఇది చాలా పుస్తకాల్లో, వీడియోల్లో సూత్రంగా చెప్తారు. 1963లో థియోడోర్ క్లైమర్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రాథమిక తరగతుల పుస్తకాల్లోని మాటలతో దీన్ని సరిచూశాడు. 309 మాటలు సూత్రానికి లొంగాయి, 377 లొంగలేదు. అంటే 45 శాతం. సగం కూడా నిలవని దాన్ని ఆరేళ్ల పిల్లలకు సూత్రమని చెప్పడం నాకు ఇష్టం లేదు. 'బ్రెడ్' చదవమంటే ఆ పిల్ల ఏం చేయాలి? 'ఈ-ఏ' జంట సీటులో ఈ, బ్రెడ్‌లో ఎ, గ్రేట్‌లో ఏ. రెండు 'ఓ'లు స్పూన్‌లో దీర్ఘం, బుక్‌లో హ్రస్వం, బ్లడ్‌లో రెండూ కాదు.

అందుకే వరుస ముఖ్యం. చాలావరకు మాట తప్పని జంటలు ముందు: 'ఈ-ఈ', 'ఓ-ఏ', 'ఏ-ఐ', 'ఏ-వై'. ఇవి బాగా కుదిరాక రెండు 'ఓ'లు. 'ఈ-ఏ'ను ఆ తర్వాత, ధ్వనిని బట్టి మూడు గుంపులుగా. 'సెడ్', 'ఫ్రెండ్' లాంటివి ఏ గుంపులోనూ ఇమడవు, వాటిని ఒక్కొక్కటిగా చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఒక్క సూత్రం మాత్రం ధైర్యంగా చెప్పండి. ఇంగ్లీషు మాటలు 'ఐ'తో ముగియడం చాలా అరుదు. కాబట్టి నడుమ 'ఏ-ఐ', చివర 'ఏ-వై': రెయిన్, టెయిల్, అదే డే, ప్లే. కాయిన్, బాయ్ కూడా అంతే, నడుమ 'ఓ-ఐ', చివర 'ఓ-వై'.

అపోహ: బిళ్ళ పెద్దగుంటే విలువ పెద్దది.

పిల్లలు ఇట్లా అనుకుంటే తప్పు వారిది కాదు. 2007 నాటి రూపాయి బిళ్ళ, అదే బొటనవేలి బొమ్మది, వెడల్పు 25 మిల్లీమీటర్లు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ కూడా 25 మిల్లీమీటర్లే. అప్పుడే వచ్చిన ఐదు రూపాయలది 23. ఇవన్నీ ఇంకా చెలామణిలో ఉన్నాయి, మీ గల్ల గురిగిలో కలిసే ఉంటాయి. కాబట్టి సైజు మీద, రంగు మీద ఆధారపడనీయొద్దు. బిళ్ళ మీద తెలుగు ఉండదు, హిందీ, ఇంగ్లీషే. పిల్లలు పట్టుకోవాల్సింది అంకెను.

గురిగి ఒలకబోసి అంకెల వారీగా కుప్పలు పెట్టించండి. ఒకే విలువకు నాలుగైదు రూపాలు ఉన్నాయని వాళ్లకే తెలుస్తుంది. బొటనవేలు ఒకటికి, రెండు వేళ్లు రెండుకు అని ఆ పాత బిళ్ళలను చూపిస్తే ఎంత సంబరపడతారో! ఇంకో పని కూడా ఇవ్వండి: బిళ్ళ మీద వేసిన సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉన్నవి వెతకమనండి. అవి మన హైదరాబాద్ టంకశాలలో కొట్టినవి. నక్షత్రం కోసం వెతుకుతూ ప్రతి బిళ్ళనూ రెండు వైపులా తిప్పి చూస్తారు, మనకు కావాల్సిందీ అదే.

నాలుగు రూపాయి బిళ్ళలు ఒక్క ఐదు రూపాయల బిళ్ళ కంటే ఎక్కువని పట్టుబట్టే వయసు కూడా ఉంటుంది. వాదించకండి. ఐదు రూపాయల బిళ్ళ పక్కన రూపాయిలు ఒక్కొక్కటీ పేర్పించి, ఐదూ అయ్యాకే మార్పిడి చేయనివ్వండి.

అపోహ: ఫోన్‌పే వచ్చింది, ఇంక చిల్లర లెక్కలెందుకు?

ఫోన్‌తో స్కాన్ చేస్తే పిల్లలకు కనబడేది శబ్దం ఒక్కటే. చేతిలోది తగ్గడం, తిరిగి కొంత రావడం కనబడదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం, చాలా మంచిదైంది. కాకపోతే అమ్మతో పోయే పిల్లలకు కండక్టర్ దగ్గర చిల్లర చూసే అవకాశం తగ్గింది. ఆ లోటు మనం తీర్చాలి. పది రూపాయలిచ్చి కిరాణం నుంచి ఐదు రూపాయల బిస్కట్ పుడ తెమ్మనండి. "ఎంత తిరిగి రావాలె?" అని పోకముందే అడగండి.

అపోహ: పది రూపాయల బిళ్ళ నడవదు.

నడుస్తుంది. 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే స్పష్టం చేసింది, రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా. దుకాణంలో ఎవరో వద్దన్నారని పిల్లల ముందు "ఇది ఖోటా" అనకండి. పన్నెండు అంచుల ఇరవై రూపాయల బిళ్ళ కూడా చూపించండి. చారాణ (పావలా) 2011 జూన్ 30తో పోయింది, ఆఠాణా (అర్ధ రూపాయి) చట్టప్రకారం ఇంకా ఉంది. "చారాణ కోడికి బారాణ మసాలా" అంటే ఏందని అడిగితే చెప్పండి, లెక్కలు మాత్రం చేయించొద్దు.

అపోహ: బిళ్ళ మింగితే అరటిపండు తినిపిస్తే పోతుంది.

ఇది ప్రమాదం. ఏమీ తినిపించకండి, తాగించకండి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి ఎక్కడుందో చూస్తారు. బిళ్ళలా కనిపించే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే ఇంకా ఘోరం, ఆహారనాళాన్ని గంటల్లోనే కాల్చేస్తుంది. మూడేళ్ల లోపు చిన్నోళ్లు ఇంట్లో ఉంటే, పెద్దపిల్లలకు బిళ్ళల ఆట వాళ్లు పడుకున్నాకే పెట్టండి. అయ్యాక లెక్కబెట్టి గురిగిలో వేయించండి, చేతులు కడిగించండి.