లక్ష్యం తేలకుండానే ఎంబీఏ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రతి జూన్‌లోనూ ఎవరో ఒకరు నా గదిలోకి వచ్చి, "మేడమ్, సీటైతే వచ్చింది, ఏం కావాలో మాత్రం తేలలేదు" అంటారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి. బిజినెస్ స్కూలు కెరీర్ విభాగంలో పనిచేసే నాకు ఆ మాట కంగారు పుట్టించదు. దాని వెంట వచ్చే నమ్మకాలే కంగారు పుట్టిస్తాయి.

అపోహ: మొదటి ఏడాది అన్నీ చదివాక తీరిగ్గా తేల్చుకోవచ్చు.

వాస్తవం: సిలబస్ చూస్తే అలాగే అనిపిస్తుంది. మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి సబ్జెక్టులు, రెండో ఏడాదిలో ఎలెక్టివ్‌లు, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టులు. క్యాలెండర్ మాత్రం అంత ఆగదు. ఐఐఎంల వంటి రెండేళ్ల కోర్సుల్లో జూన్, జూలైల్లో చేరినవారికి వేసవి ఇంటర్న్‌షిప్ ఎంపికలు దసరా, దీపావళి రోజులకే మొదలవుతాయి. బ్యాలెన్స్ షీటు చదవడం సరిగా రాకముందే బ్యాంకు కావాలా, సబ్బుల కంపెనీ కావాలా చెప్పాలి. రెజ్యూమె అంతకంటే ముందే సిద్ధం కావాలి. ఇంటర్న్‌షిప్ జరిగేది ఏప్రిల్, మే నెలల్లో. బాగా చేసినవారికి అక్కడే ఉద్యోగం ఇస్తామంటారు, అదే పీపీఓ. ఐఎస్‌బీలో ఏడాది పీజీపీ (ఎంబీఏ లాంటి కోర్సే) చేసేవారికైతే ఆ వేసవి మెట్టు కూడా ఉండదు. ఐసెట్ రాసి విశ్వవిద్యాలయ కళాశాలల్లో చేరినవారికి స్పెషలైజేషన్ సాధారణంగా రెండో ఏడాదిలోనే కాబట్టి కాస్త వెసులుబాటు ఉంది. దాన్ని చాలామంది పక్క బెంచీవాడు ఏం తీసుకున్నాడో చూడడానికే వాడుకుంటారు!

అపోహ: ఇంటర్వ్యూలో గెలవాలంటే ఏదో ఒక లక్ష్యం కల్పించి చెప్పాలి.

వాస్తవం: కల్పన రెండో ప్రశ్నకే చిరుగుతుంది. "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ అవుతాను" అన్న అబ్బాయిని, "వాళ్లు సోమవారం ఉదయం కూర్చుని ఏం చేస్తారు?" అని అడిగితే నీళ్లు నమిలాడు. అలాగని "తెలియదు" అని ఊరుకున్నా గట్టెక్కరు. "నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. అందులో కస్టమర్లతో మాట్లాడే పనే నచ్చింది, అందుకని ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్ వైపు చూస్తున్నాను" అనండి. ఇది లక్ష్యం కాదు, కారణం ఉన్న అంచనా. అడిగేవారికి అది చాలు.

అపోహ: ఏదీ తేలకపోతే కన్సల్టింగ్ (కంపెనీలకు సలహాలిచ్చే పని), అందులో అన్ని రంగాలూ చూడొచ్చు.

వాస్తవం: తేలనివారంతా నిలబడే వరుస అదే, కాబట్టి అన్నిటికంటే పొడవైనదీ అదే. ఒక కంపెనీ సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కరించమనే కేస్ ఇంటర్వ్యూలకు వారాల తరబడి సాధన కావాలి. మనసు లేనివారు మూడో వారంలోనే జారిపోతారు, ఈలోగా మిగతా కంపెనీలకు తయారయ్యే సమయమూ పోతుంది.

అపోహ: అమ్మాయిలకు హెచ్‌ఆర్, అబ్బాయిలకు ఫైనాన్స్ క్షేమం.

వాస్తవం: ఇది పెళ్లిళ్లలో దొరికే సలహా. అక్కడే వదిలేసి రండి.

అపోహ: ముందు చేరితే చాలు, అప్పు సంగతి తర్వాత.

వాస్తవం: పెద్ద ఐఐఎంలలో ఫీజు 20 లక్షలు దాటింది. విద్యారుణానికి సాధారణంగా కోర్సు ముగిశాక ఏడాది వరకు వాయిదాల విరామం ఉన్నా, వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. లక్ష్యం తేలని విద్యార్థి చివరికి ఎక్కువ జీతం చూపినచోటికే వెళ్తాడు. అది తప్పనను. కానీ అది తన ఎంపిక అని మాత్రం ఎవరూ నన్ను నమ్మించలేరు.

మరి ఏం చేయాలి? సీటు వచ్చాక చేరేలోగా వేర్వేరు ఉద్యోగాల్లో ఉన్న ఐదారుగురిని కలిసి, "మీ ఉద్యోగం ఎలా ఉంది?" అని కాక, "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి. ఏం కావాలో తెలియకపోయినా ఏవి వద్దో తెలుస్తుంది. సివిల్ ఇంజినీరుగా పనిచేసి వచ్చిన ఒక విద్యార్థి అలా వద్దనుకున్నవి కొట్టేసుకుంటూ పోతే ఆపరేషన్స్, అంటే సరుకూ పనులూ సమయానికి నడిపించే విభాగం, మిగిలింది. "సైటుకు సిమెంటు లారీ ఆలస్యమైన రోజే నాకు హుషారుగా ఉండేది మేడమ్" అన్నాడు. గోదాముల సంస్థలో ఇంటర్న్‌షిప్ తీసుకున్నాడు. మే నెలాఖరుకు అతనికి ఒకటి తేలింది: గోదాము నచ్చలేదు, లారీలు ఏ దారిన వెళ్లాలో లెక్కలు వేయడం నచ్చింది.