సీ ఆటర్ వస్తోందని బైక్ అమ్మేయకండి: మౌంటెన్ బైక్ అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి దాటిందంటే మా షాపుకొచ్చే తెలుగువాళ్ల నోట ఒకటే మాట. "అన్నా, ఏప్రిల్‌లో సీ ఆటర్ బైక్ షో ఉంది కదా, కొత్త బైకు కొనడానికి అప్పటిదాకా ఆగమంటావా?" కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక బైక్ షాపులో సర్వీస్ పని చూస్తాను. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే నుంచి శని, ఆదివారాల్లో డెమో ఫారెస్ట్ అనే అడవి ట్రైల్స్‌కి వెళ్లే మనవాళ్ల బైకులు చాలావరకు నా స్టాండ్ ఎక్కినవే. అందుకే ఆ ప్రశ్న కూడా నా దగ్గరికే వస్తుంది.

మాంటెరే దగ్గర లగూనా సెకాలో సీ ఆటర్ 1991లో మొదలైంది. ఇంటర్‌బైక్ అనే పెద్ద ట్రేడ్ షో 2018లో రీనోలో చివరిసారి జరిగి ఆగిపోయాక, అమెరికాలో కొత్త సరుకంతా ఒకేచోట కళ్లారా చూడాలంటే మనకు దగ్గర్లో ఉన్నది ఇదే. ఏ కంపెనీ ఏం తెస్తుందా అని నేనూ ఎదురుచూస్తాను. కానీ ఆ ఎదురుచూపుల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కబుర్లు నమ్మి చేతిలో ఉన్న మంచి బైకును పాడుచేసుకుంటుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేను.

అపోహ: కొత్త స్టాండర్డ్ వస్తోంది, నా బైక్ పని అయిపోయింది

మనవాళ్ల జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టేది ఇదే.

26 అంగుళాల చక్రాలు పోయి 27.5, 29 వచ్చినప్పుడు ఈ మాట విన్నాం. 2014లో ట్రెక్ బైకుల మీద బూస్ట్ అనే వెడల్పాటి హబ్ (చక్రం మధ్య భాగం) వచ్చి, వెనక యాక్సిల్ 142 నుంచి 148 మిల్లీమీటర్లకు పెరిగినప్పుడూ విన్నాం. 2023 మార్చిలో గేర్ల కంపెనీ శ్రామ్ వాళ్లు, గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే ముక్క అవసరం లేకుండా నేరుగా ఫ్రేముకే బిగించే 'ట్రాన్స్‌మిషన్' అనే గేర్ల సెట్టు తెచ్చినప్పుడైతే షాపు ఫోన్ మోగుతూనే ఉంది. "హ్యాంగర్ ఉన్న బైకులకు ఇక పార్టులు రావట కదా?" ఎవరు చెప్పారంటే, గ్రూపులో ఎవరో పెట్టారంటారు.

జరిగిందేమిటో చూడండి. ట్రాన్స్‌మిషన్ ఎక్కాలంటే ఫ్రేముకు యూడీహెచ్ (అన్ని ఫ్రేములకూ ఒకే రకంగా ఉండే హ్యాంగర్) పట్టే వీలు ఉండాలి. అది 2019లో వచ్చింది. మీ ఫ్రేముకు అది లేకపోతే ట్రాన్స్‌మిషన్ ఎక్కదు, అంతవరకు నిజమే. అంతకుమించి మీ బైకుకు వచ్చిన నష్టం ఏమీ లేదు. హ్యాంగర్‌కు బిగించే శ్రామ్ వాళ్ల పాత రకం ఈగిల్ డిరైలర్లు, వాటి చైన్లు, క్యాసెట్లు (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. 26 అంగుళాల చక్రానికి మ్యాక్సిస్ మినియన్ టైరు ఇప్పటికీ తయారవుతోంది.

ఇదంతా చెప్పేలోపే ఒక కుర్రాడు బైకు అమ్మేశాడు. ఫ్రేములో పగులు లేదు, బేరింగులు గట్టిగా ఉన్నాయి, చక్రాలు నేను వంకర తీసి సరిచేసినవే. షో అయిపోతే అడిగే దిక్కు ఉండదని కంగారుపడి, ముందు వారమే సగం ధరకు ఇచ్చేశాడు. షోలో నచ్చిన బైకు చేతికి రావడానికి నెలలు పడుతుందని తెలిశాక సీజన్ ఖాళీగా పోతుందని దిగులు. చివరికి తన పాత బైకులాంటిదే సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ పెట్టి కొన్నాడు. అతన్ని తప్పుపట్టను. ఇల్లు, ఈఎంఐలు, పిల్లల ఫీజుల మధ్య నాలుగైదు వేల డాలర్లు పోసి కొన్న బైకు వట్టిపోతుందంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆ టెన్షన్ పెట్టే పుకార్ల మీదే నా కోపం.

ఈ అపోహకు ఇంకో రూపం ఉంది. ఇది బైటికి కనిపించదు, ఖర్చు మాత్రం ఎక్కువే. "ఎలాగూ కొత్త ఫోర్క్ కొంటాను, దీనికి సర్వీస్ ఎందుకు?" అని ముందు సస్పెన్షన్‌ను వదిలేయడం. రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్కులకు లోయర్స్ (కింది కాళ్లు) సర్వీస్ 50 గంటలకోసారి చేయాలి. వారానికి మూడు గంటలు తొక్కినా నాలుగు నెలలకే ఆ గడువు వచ్చేస్తుంది. ఫాక్స్ కంపెనీ ఫోర్కులకైతే 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. షో అయ్యాక చూద్దామని ఒకాయన ఏడాదికి పైగా నడిపిన ఫోర్క్ విప్పాను. లోయర్స్‌లోంచి ఆయిల్ కారాలి కదా, నాలుగు చుక్కలు జారాయి, అవీ కాటుకలా నల్లగా. సీళ్ల కింద నూనెలో నానుతూ ఉండాల్సిన ఫోమ్ రింగులు ఎండి గట్టిపడ్డాయి. స్టాంచన్ (లోయర్స్‌లోకి జారే పై గొట్టం) వెనకవైపు, లోపలి బుషింగ్ రాసుకునే చోట పైపూత లేచిపోయి వేలెడంత మేర తెల్లటి లోహం కనిపిస్తోంది. వేలుపెట్టి రాస్తే గరుకుగా తగిలింది. ఆ పూత షాపులో మళ్లీ వేయలేం. స్టాంచన్లు, వాటిని కలిపే క్రౌన్, హ్యాండిల్‌కు వెళ్లే స్టీరర్ గొట్టం కలిపి ఒకే ముక్కగా మార్చాలి. అది వందల డాలర్ల పని. వేళకు ఆయిల్, సీళ్లు మార్చి ఉంటే అందులో చిన్న వంతుతో పోయేది. పైగా ఆ ఫోర్కును ఇప్పుడు అమ్మబోయినా మంచి ధర రాదు.

చైన్ సంగతీ అంతే. చైన్ ఎంత సాగిందో చూసే గేజ్‌లో 0.5 శాతం చూపించిందంటే 12 స్పీడ్ చైన్ మార్చేయాలి. "ఎలాగూ కొత్త డ్రైవ్‌ట్రైన్ వస్తుంది కదా" అని సాగిన చైన్‌తోనే తొక్కితే క్యాసెట్ పళ్లు అరుగుతాయి. చైన్ కంటే క్యాసెట్ ఖరీదు ఎన్ని రెట్లు ఎక్కువో మీకు తెలుసు.

నిజంగా దొరక్కుండా పోయేవి వేరే ఉన్నాయి. వాటి గురించి గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు. యూడీహెచ్ రాకముందు ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం హ్యాంగర్ ఉండేది. కంపెనీ ఆ మోడల్ ఆపేసిన కొన్నేళ్లకు ఆ ముక్క వెతుక్కోవాల్సిందే. ఫ్రేమ్ పివట్ బోల్టులు, వింత సైజుల్లో ఉన్న వెనక షాకులు, నిటారు స్టీరర్‌కు సరిపోయే మంచి ఫోర్కులు కూడా అంతే. షో కోసం ఆగకుండా ఇవాళే మీ ఫ్రేముకు రెండు హ్యాంగర్లు తెప్పించి, ఒకటి బ్యాగులో, ఇంకోటి ఇంట్లో పెట్టుకోండి. ఇరవై ముప్పై డాలర్ల ముక్క లేక మూలపడిన బైకులు మా షాపులో చూస్తూనే ఉంటాను.

అపోహ: షోలో చూపించిన పార్టు నా బైకుకూ ఎక్కుతుంది

కొన్నిసార్లు ఎక్కుతుంది, కొన్నిసార్లు ఎక్కదు. కొనేముందు చూసుకోవాలి. ట్రాన్స్‌మిషన్ చైన్ పాత ఈగిల్ క్యాసెట్‌తో కలవదు. షిమానో కంపెనీ 10-51 (చిన్న చక్రానికి 10, పెద్దదానికి 51 పళ్లు) క్యాసెట్‌కు మైక్రో స్ప్లైన్ రకం ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే హబ్ భాగం) కావాలి. అది 2018లో షిమానో ఎక్స్‌టీఆర్ గేర్ల సెట్టుతో వచ్చింది.

మా అపార్ట్‌మెంట్లో ఉండే ఒకావిడ హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి కోసం ఆ క్యాసెట్ ఆన్‌లైన్‌లో కొని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లారు. అతను వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో తొక్కుతాడు. అక్కడ చక్రం విప్పితే పాత హెచ్‌జీ రకం ఫ్రీహబ్. క్యాసెట్‌లోని పది పళ్ల చిన్న చక్రం దాని మీద కూర్చోదు. వెనక్కి ఇచ్చే గడువు దాటిపోయింది. పాపం, ఎంత ప్రేమగా తీసుకెళ్లారో! అతని షిఫ్టర్, డిరైలర్ 51 పళ్ల చక్రాన్ని అందుకునే 11 స్పీడువే కాబట్టి షిమానో డియోర్ 11-51 క్యాసెట్ తీసుకుని ఉంటే పాత ఫ్రీహబ్ మీదే ఎక్కేది, కొండెక్కడానికి కావాల్సిన పెద్ద చక్రమూ వచ్చేది. ఇండియా తీసుకెళ్లే పార్టయితే ముందు అక్కడివాళ్లను చక్రం విప్పి, ఫ్రీహబ్ ఫొటో తీసి పంపమనండి.

అపోహ: షోలో చూస్తే వచ్చే వారం షాపుకు వస్తుంది

స్టాండ్ మీద పెట్టేది ఒక్కోసారి నమూనా మాత్రమే. తయారైన సరుకులో కూడా బైక్ కంపెనీల ఆర్డర్లు ముందు వెళ్తాయి, విడిగా అమ్మేవి ఆ తర్వాతే వస్తాయి. మీ మే నెల ట్రిప్పును దాని మీద పెట్టుకోకండి.

అపోహ: షో అయ్యాక పాత మోడళ్ల ధర పడిపోతుంది

గోడౌన్‌లో సరుకు పేరుకుపోతే ధర పడుతుంది. 2023, 2024లో వచ్చిన భారీ తగ్గింపులకు కారణం కోవిడ్ సమయంలో పెట్టిన అతి ఆర్డర్లు. మీ సైజు బైకు ఇవాళ మంచి ధరకు కనిపిస్తే ఇవాళే తీసుకోండి.

అపోహ: ఇక అన్నీ వైర్‌లెస్సే, కేబుల్ బైకు కొనడం దండగ

వైర్‌లెస్ ట్రాన్స్‌మిషన్ తెచ్చిన శ్రామ్ వాళ్లే దాదాపు రెండేళ్లకే, 2025లో కేబుల్‌తో నడిచే ఈగిల్ 90, 70 ట్రాన్స్‌మిషన్లు తెచ్చారు. ఇంతకంటే చెప్పేదేముంది?

అపోహ: ఒక కంపెనీ బ్రేకులన్నిటికీ ఒకే ఆయిల్

ఇది ప్రమాదం. శ్రామ్‌లో కొన్ని బ్రేకులకు డాట్ ఫ్లూయిడ్ అనే బ్రేక్ ద్రవం, మేవెన్ మోడల్ లాంటివాటికి మినరల్ ఆయిల్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి పాడవుతాయి, దిగుడులో లివర్ పట్టుకున్నప్పుడు బ్రేకు పడదు. ఇంట్లో బ్లీడ్ (బ్రేకుల్లో గాలి తీసి ఆయిల్ నింపడం) చేసేవాళ్లు లివర్ మీద రాసింది చదివాకే సీసా మూత తీయండి.

అపోహ: షో డెమోలో (బైకు తొక్కి చూసేచోట) ఐదు నిమిషాలు తొక్కితే బైకు సంగతి తెలిసిపోతుంది

మీ బరువుకు తగ్గట్టు సస్పెన్షన్‌లో గాలి పెట్టకపోతే ఏమీ తెలియదు. మీ ముందు తొక్కినాయన వంద కిలోలుండి మీరు అరవై ఐదు ఉంటే, ఎంత మంచి షాక్ అయినా మీకు కర్రలా గట్టిగానే ఉంటుంది. బ్యాగు, నీళ్లు, హెల్మెట్‌తో కలిపి మీ బరువు చెప్పండి. వెనక శాగ్ (మీరు కూర్చోగానే షాక్ దిగే మేర) పాతిక నుంచి ముప్పై శాతం మధ్య పెట్టమనండి, టైర్ ప్రెషర్ చూడమనండి. వెనక లైను ఎంత పెద్దగా ఉన్నా మొహమాటపడకండి. వాళ్లు పంపు పట్టుకుని నిలబడేది అందుకే.