వేడినీళ్ల ఖర్చు: గ్యాసా, కరెంటా అన్నది చివరి యూనిట్ చెబుతుంది

కార్తీకం దాటిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు ఇళ్లలో తెల్లవారగానే మొదటి పని నీళ్లు కాగబెట్టడం. పల్లెల్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి మీద గంగాళం కనిపిస్తుంది. పట్టణాల్లో కరెంటు గీజరు, గ్యాస్ గీజరు, బకెట్లో వేసే హీటర్ రాడ్డు ఆ చోటును తీసుకున్నాయి. వీటిలో ఏది చవక అని అడిగితే పక్కపక్క ఇళ్లవారే వేర్వేరు జవాబులు చెబుతారు. ఇద్దరూ తమ బిల్లులు చూసే చెబుతారు కనుక ఇద్దరి మాటా నిజమే కావచ్చు. తేడా గీజరు కంపెనీలో ఉండదు. ఆ ఇంటి కరెంటు వాడకం ఏ శ్లాబు అంచున ఉన్నదన్న విషయంలో ఉంటుంది.

లెక్క కుదరకపోవడానికి మొదటి కారణం కొలమానాలు. కరెంటును యూనిట్లలో కొంటాం, గ్యాసును 14.2 కిలోల సిలిండరుగా కొంటాం. బ్రిటన్‌లో ఈ చిక్కు లేదు. అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ బాయిలర్ నీటిని కాచి గొట్టాల ద్వారా ప్రతి గదిలోని రేడియేటర్‌కు పంపుతుంది. పైపులో వచ్చే గ్యాసును మీటరు ఘనపు మీటర్లలో కొలిచినా, బిల్లులో దానిని కరెంటు లాగే కిలోవాట్-అవర్లలోకి, అంటే మనం యూనిట్ అనే కొలతలోకి మార్చి చూపుతారు. ఒక ఘనపు మీటరు సహజవాయువు దాదాపు 11 యూనిట్లతో సమానం. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో ఒక మధ్యస్థ కుటుంబపు వార్షిక గ్యాస్ వాడకాన్ని 11,500 యూనిట్లుగా లెక్కకట్టింది. గోడలు, కిటికీలు, పైకప్పు గుండా రాత్రింబగళ్లు జారిపోయే వేడిని నెలల తరబడి పూరిస్తూ ఉండాలి కనుక అంత కావాలి. మనకు గదులను వేడి చేసే పని లేదు, స్నానపు నీళ్లు కాగితే చాలు. అయినా లెక్క పద్ధతి రెండు చోట్లా ఒకటే: కావలసిన వేడి ఎంత, ఇంధనంలోని వేడిలో మనకు దక్కేది ఎంత, దక్కిన యూనిట్ ఎంతకు పడింది.

మొదట కావలసిన వేడి చూద్దాం. ఒక లీటరు నీటి వేడిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోకేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు 860 కిలోకేలరీలు. చలికాలపు ఉదయం మిద్దె మీది ట్యాంకులోని నీరు 20 డిగ్రీలు ఉన్నదనుకుందాం. స్నానానికి 40 డిగ్రీల నీళ్లు మనిషికి 20 లీటర్ల బకెట్ చొప్పున నలుగురికి 80 లీటర్లు కావాలంటే, రోజుకు 1,600 కిలోకేలరీలు, నెలకు 48,000 కిలోకేలరీలు, అంటే 56 యూనిట్ల వేడి అవసరం. సగం బకెట్ నీళ్లను 60 డిగ్రీలకు కాచి చన్నీళ్లు కలుపుకున్నా, బకెట్ మొత్తాన్ని 40 డిగ్రీలకే కాచినా ఈ అంకె మారదు. నీళ్లు పొగలు కక్కేదాకా కాచి చల్లార్చుకోవడం వల్ల మాత్రం దారిలో పోయే వేడి పెరుగుతుంది.

ఇక్కడ మన ప్రాంతానికి అనుకూలమైన విషయం ఒకటి ఉంది. లోతైన బోరులోని నీటికి చలికాలం, ఎండాకాలం అన్న తేడా దాదాపు తెలియదు. ఆ చోటి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగానే అది నిలకడగా ఉంటుంది. మన దగ్గర ఆ సగటు 27 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుకనే చలికాలంలో బోరు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి. సాయంత్రం ట్యాంకు నింపితే ఆ వెచ్చదనమంతా రాత్రి చలికి పోతుంది. మోటారును తెల్లవారి వేసి, నీటిని నేరుగా గీజరుకు గానీ బకెట్‌కు గానీ పట్టుకోగలిగితే, పెంచవలసింది 20 డిగ్రీలు కాదు, 13 డిగ్రీలే. ఏ పరికరమూ మార్చకుండానే ఖర్చులో మూడో వంతు తగ్గుతుంది. అందరికీ వీలుపడే పని కాకపోయినా, సొంత బోరు ఉన్న ఇంటికి ఇంతకంటే తేలికైన పొదుపు నాకు కనిపించలేదు.

ఇక ఇంధనంలోంచి దక్కే వేడి. కిలో ఎల్పీజీ మండితే దాదాపు 11,000 కిలోకేలరీలు వస్తాయి. వంటింటి స్టవ్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కనీస సామర్థ్యం 68 శాతం. అంటే మంటలోని వేడిలో మూడో వంతు గిన్నెను తాకకుండానే గాలిలో కలిసినా అది ప్రమాణానికి లోబడిన పొయ్యే. గ్యాస్ గీజరులో మంట వేడి రాగి గొట్టాల చుట్టూ తిరుగుతుంది కనుక 80 శాతం దక్కుతుందనుకోవచ్చు. మిగిలినది వేడి పొగతో, అందులోని నీటి ఆవిరితో బయటికి పోతుంది. కిలో ఎల్పీజీ మండితే దాదాపు కిలోన్నర నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఆ ఆవిరిని మళ్లీ నీరుగా మార్చి అందులోని వేడిని కూడా రాబట్టే కండెన్సింగ్ బాయిలర్లను ఇంగ్లండ్‌లో 2005 నుంచి గ్యాస్ హీటింగుకు దాదాపు తప్పనిసరి చేశారు. మన చిన్న గీజర్లలో ఆ ఏర్పాటు ఉండదు. కరెంటు గీజరులోనైతే కాయిల్ నీటిలోనే మునిగి ఉంటుంది కనుక వేడి అంతా నీటికే చేరుతుంది. ట్యాంకు గోడల గుండా, పైపులో నిలిచిన నీటి ద్వారా పోయేది మాత్రమే నష్టం. పావుగంట ముందు స్విచ్ వేసి, స్నానాలు కాగానే ఆపే ఇంట్లో 56 యూనిట్ల వేడికి 60 యూనిట్ల కరెంటు సరిపోతుంది. రోజంతా ఆన్‌లో వదిలేసే ఇంటికి ఈ లెక్క వర్తించదు.

సిలిండర్ ధర 900 రూపాయలు అనుకుందాం. మీ రసీదులోని అంకె వేసుకుంటే మరీ మంచిది. మన 48,000 కిలోకేలరీలకు గ్యాస్ గీజరులో 5.45 కిలోలు ఖర్చవుతాయి, అంటే నెలకు 346 రూపాయలు. అవే నీళ్లు స్టవ్ మీద కాగితే 6.4 కిలోలు, 407 రూపాయలు. ఈ రెండు అంకెలకూ ఇంటింటికీ తేడా ఉండదు. తేడా అంతా కరెంటు వైపే ఉంది.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ వినియోగ ధరలు ఇలా ఉన్నాయి. నెల వాడకం 100 యూనిట్లలోపే ఉంటే మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వంద 3.40, రెండో వంద 4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లు మొత్తం 5.10 చొప్పున, ఆపై వంద 7.70, ఆ తర్వాతి వంద 9 రూపాయలు. గమనించవలసిన మాట ఏమిటంటే, 100 గానీ 200 గానీ దాటినప్పుడు దాటిన యూనిట్లకే కాక, వెనుక వాడిన యూనిట్లన్నింటికీ ధర మారిపోతుంది. అందువల్ల గీజరు ఖర్చు తెలుసుకోవడానికి 60 యూనిట్లను ఏదో ఒక సగటు ధరతో గుణిస్తే కుదరదు. గీజరు లేనప్పటి బిల్లును, ఉన్నప్పటి బిల్లును విడివిడిగా కట్టి తీసివేయాలి.

స్థిర చార్జీలు, సుంకం పక్కన పెట్టి అలా తీసివేసి చూస్తే, మామూలుగా 120 యూనిట్లు వాడే ఇంటికి గీజరు వల్ల బిల్లు 436 రూపాయల నుంచి 724కు పెరుగుతుంది. అంటే వేడినీళ్లకు 288 రూపాయలు. ఈ ఇంటికి కరెంటు గీజరే చవక. 180 యూనిట్లు వాడే ఇంటిలో అదే గీజరు, అవే బకెట్లు. బిల్లు మాత్రం 724 నుంచి 1,328కి పోతుంది. వేడినీళ్లకు 604 రూపాయలు, అంటే యూనిట్‌కు పది రూపాయల పైమాటే. పైన చెప్పిన ధరల్లో పది రూపాయలు ఎక్కడా కనిపించదు, కానీ ఆ ఇల్లు కట్టేది అదే. చిత్రమేమిటంటే, అంతకంటే ఎక్కువగా 250 యూనిట్లు వాడే ఇంటికి ఇదే గీజరు 475 రూపాయలకే పడుతుంది, ఎందుకంటే 200 గీతను అది ముందే దాటేసింది. ఏసీ, పెద్ద ఫ్రిజ్ ఉన్న ఇంటికన్నా పొదుపుగా ఉండే ఇల్లు అవే వేడినీళ్లకు ఎక్కువ కట్టడం శ్లాబుల అమరికలోని లోపమేనని నా అభిప్రాయం.

ఈ లెక్కను తిరగేస్తే ఒక గీటురాయి దొరుకుతుంది. 900 రూపాయల సిలిండరుతో పోలిస్తే, అదనపు కరెంటు యూనిట్‌కు 5.77 రూపాయలకు మించి పడితే గ్యాస్ గీజరు చవక, 6.78 రూపాయలు దాటితే వంటింటి స్టవ్ కూడా చవకే. సిలిండర్ ధర వంద పెరిగితే ఈ రెండు అంకెలూ తొమ్మిదో వంతు చొప్పున పెరుగుతాయి.

ప్రభుత్వ పథకాలు ఈ అంచులను ఇంకా పదును చేశాయి. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హత గల ఇంటికి 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. ఆ ఇంటి వాడకం 130 ఉంటే గీజరు పూర్తిగా ఉచితం. 150 ఉంటే గీజరుతో 210 అవుతుంది, అప్పుడు మొత్తం బిల్లు, అంటే 1,097 రూపాయలు కట్టవలసి వస్తుంది. పది యూనిట్లు తగ్గించుకోవడానికి ఒకరు చన్నీళ్లకు ఒప్పుకున్నా, ఐదు రోజులు స్టవ్ మీద కాచుకున్నా వెయ్యి రూపాయలు మిగిలే విచిత్రమైన పరిస్థితి ఇది. ఇలాంటి ఇళ్లలో నెల మధ్యలో మీటరు చూసుకోవడం ఏ ఫైవ్ స్టార్ గీజరు కన్నా ఎక్కువ పని చేస్తుంది. మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకు పడే సిలిండరుతో చూస్తే గ్యాస్ గీజరు ఖర్చు 192 రూపాయలకు దిగుతుంది. కానీ రాయితీ సిలిండర్ల సంఖ్యను పాత వాడకపు సగటును బట్టి నిర్ణయించారు కనుక, స్నానాల కోసం అదనంగా తెప్పించే సిలిండరుకు పూర్తి ధరే వేసుకోవడం సరైన లెక్క.

కట్టెల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. మూడు రాళ్ల పొయ్యి వేడిలో ఎనిమిదో వంతు గంగాళానికి చేరితే గొప్ప. ఆ లెక్కన నెలకు నూరు కిలోలకు పైగా ఎండు కట్టెలు కావాలి. చేను నుంచి పత్తి కట్టె మోసుకొచ్చే ఇంటికి అది డబ్బు లేని ఇంధనం, పొగ మాత్రం ఉంటుంది. కొని తెచ్చుకునే ఇంటికి కిలో ఐదు రూపాయలైనా గ్యాసును మించిపోతుంది. హీటర్ రాడ్డుది గీజరు లెక్కే. 1,500 వాట్ల రాడ్డు ఒక బకెట్‌ను 20 డిగ్రీలు పెంచడానికి పందొమ్మిది నిమిషాలు తీసుకుంటుంది. అది నీటిలో ఉండగా చెయ్యి పెట్టి వేడి చూసే అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

నల్లగొండ బోరు నీటికి ఫ్లోరైడ్ పేరు తెచ్చింది గానీ, గీజరుకు శత్రువు ఫ్లోరైడ్ కాదు, అదే నీటిలోని కాఠిన్యం. నీరు వేడెక్కినప్పుడు అందులోని కాల్షియం లవణాలు కరిగి ఉండలేక సున్నపు పొరగా పేరుకుంటాయి. కరెంటు గీజరులో ఈ పొర కాయిల్‌ను కప్పినా వేడి పోవడానికి నీరు తప్ప మరో దారి లేదు కనుక యూనిట్లు పెద్దగా పెరగవు. కాయిల్ మాత్రం లోలోపల మితిమీరి వేడెక్కి కాలిపోతుంది. గ్యాస్ గీజరులో అలా కాదు. గొట్టాల లోపల పొర కట్టినకొద్దీ నీటికి చేరవలసిన వేడి పొగతో బయటికి పోతుంది, నీళ్లు మునుపటంత కాగవు, మనం మంట పెంచుతాం. మనం వేసుకున్న 80 శాతం క్రమంగా తరుగుతుంది. బోరు నీళ్ల ఇంట్లో గ్యాస్ గీజరు కొనేవారు ఏటేటా దానిని శుభ్రం చేయించే ఖర్చును కూడా 346 రూపాయలకు కలుపుకోవాలి. సోలార్ హీటరుకు ఇంధనం ఖర్చు లేదు, మన చలికాలపు ఆకాశం చాలా రోజులు నిర్మలంగానే ఉంటుంది; కానీ అక్కడా ఈ సున్నపు పొరే గొట్టాల ఆయుష్షును నిర్ణయిస్తుంది.

చివరగా, గ్యాస్ గీజరు విషయంలో ఖర్చు తగ్గించకూడని చోటు ఒకటి ఉంది. నిమిషానికి ఆరు లీటర్లు ఇచ్చే గీజరు గంటకు దాదాపు కిలో గ్యాసును మండిస్తుంది, దానికి పన్నెండు ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న బాత్రూములో మొత్తం ఎనిమిది ఘనపు మీటర్ల గాలే ఉంటుంది. తలుపు, వెంటిలేటరు మూసి పది నిమిషాలు స్నానం చేస్తే ఆ గాలిలో నాలుగో వంతు మంటకే సరిపోతుంది. ప్రాణవాయువు తగ్గినకొద్దీ మంట సరిగా మండక, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గీజరును బాత్రూము బయటి గోడకు బిగించి వేడినీటి పైపును మాత్రమే లోపలికి తేవాలి. ఆ అదనపు పైపు ఖర్చు ఒక్కసారిదే కనుక నెలవారీ లెక్కలోకి రాదు.