ఆర్కే బీచ్ ఇసుక ఎక్కడికి పోయింది?

చిన్నారులూ,

విశాఖ ఆర్కే బీచ్ ఫొటోలు పంపి, "తాతయ్యా, ఇసుకంతా కోసుకుపోయింది, లారీలతో తెచ్చి పోసేస్తే సరిపోదా?" అని అడిగారు. లెక్కేయండి. లక్ష ఘనపు మీటర్ల ఇసుక కావాలంటే, పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లు పదివేలు రావాలి. పైగా అంత ఇసుక ఏ ఏటినో తవ్వి తేవాలి.

ముందు కోత సంగతి చూద్దాం. తుఫాను గాలి నీటిని ఒడ్డుకేసి తోస్తుంది. మట్టం పెరిగి, మామూలప్పుడు ఇసుక దిబ్బ దాకా రాని అలలు దాని మొదట్లోనే కొడతాయి. కింద ఇసుక జారగానే పైది నిలువుగా విరిగిపడుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ అంటే అందరికీ కూలిన చెట్లే గుర్తు. తీరం మీద కూడా అలాంటి తుఫానులు గట్టి దెబ్బే వేస్తాయి.

ఆ ఇసుక చాలా మటుకు దూరం పోదు. కాస్త లోపల, నీళ్ల కింద గట్టులా పేరుకుంటుంది. పెద్ద అలలు దాని మీదే విరుగుతాయి కాబట్టి ఒడ్డుకు దెబ్బ తగ్గుతుంది. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు ఆ ఇసుకను మెల్లగా వెనక్కి తెస్తాయి. బీచ్‌కి నెలలు చాలు. దిబ్బకు మాత్రం ఏళ్లు పడుతుంది.

మరి విశాఖలో చిక్కేమిటంటారా? మన తీరం వెంట అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరం వైపు నడిపిస్తాయి. 1970లలో ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుకట్టలు ఆ దారికి అడ్డుపడ్డాయి. ఇసుక దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రాబడి తగ్గుతుంది. జీతం ఆగిన ఇంటికి పెళ్లి ఖర్చు వచ్చి పడినట్టు, తుఫాను వచ్చేది అప్పుడే.

అందుకే దక్షిణాన పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో, అంటే నీటి అడుగు నుంచి ఇసుక తోడే యంత్రమున్న ఓడతో తోడి, నీళ్లతో కలిపి పైపుల ద్వారా బీచ్ మీద పోయిస్తారు. రేణువులు అసలు ఇసుక కంటే సన్నగా ఉంటే త్వరగా కొట్టుకుపోతాయి. సరైన ఇసుక పోసినా అదీ ఉత్తరానికి కదిలిపోతుంది, మళ్లీ పోయాల్సిందే. నెదర్లాండ్స్ వాళ్లు 2011లో హేగ్ నగరం దగ్గర ఒక్కచోటే 2.15 కోట్ల ఘనపు మీటర్లు పోసి, పరిచే పని అలలకూ గాలికీ వదిలేశారు. నాకు భలే నచ్చిన పని అది!

రాళ్ల గోడ కట్టేయొచ్చు కదా అంటారు. గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లుతూ ముందున్న ఇసుకను తోడేస్తుంది. గోడ ఆగినచోట కోత పెరుగుతుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో రాళ్లు, జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) వేసినా తుఫానులకు కాకినాడ రోడ్డు దెబ్బతింటూనే ఉంది. గుమ్మం దాకా సముద్రం వచ్చిన వాళ్లకు రాళ్లు వద్దని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు.

దిబ్బలకైతే పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తాటాకు దడి కడితే గాలి మోసుకొచ్చే ఇసుక అక్కడ ఆగుతుంది. తర్వాత మేక గిట్టలాంటి ఆకులు, ఊదా పూలు ఉండే తీగ, రావణాసురుడి మీసాలనే ముళ్ల గడ్డి నాటాలి. ఇసుక మీద పడేకొద్దీ అవి పైకి పెరుగుతాయి. సరుగుడు తోట వెనకాల ఉంటే మంచిదే. నీటి అంచు దాకా తెస్తే దాని రాలుడు కింద ఈ మొక్కలు సరిగా బతకవు.

దడికి మధ్యమధ్యలో సందులు వదలాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి పైకెక్కేది ఆ ఇసుకలోకే. ఆ నెలల్లో బుల్‌డోజర్‌ను అటు తిప్పకూడదు.

మీ తాతయ్య